కొలనోస్కోపీకి ముందు పేగు శుద్ధి: ఏ ద్రావణం, ఎవరికి, ఎప్పుడు

పెద్దపేగు లోపలి పొరను కెమెరా అమర్చిన సన్నని గొట్టంతో చూసే పరీక్ష కొలనోస్కోపీ. పరీక్ష వేళకు పేగు పూర్తిగా ఖాళీ అయి ఉండాలి. సుమారు మీటరున్నర పొడవుండే ఆ పేగులో ఎక్కడ మలం అంటుకుని ఉన్నా, దాని చాటున ఉన్న పుండు, రక్తం కారే చోటు, కొన్ని మిల్లీమీటర్ల పాలిప్ (లోపలి పొర మీద పెరిగే చిన్న కండ) డాక్టరు కంటపడవు. పాలిప్‌లలో కొన్ని ఏళ్లు గడిచేకొద్దీ క్యాన్సర్‌గా మారతాయి కాబట్టి ఆ చూపు తప్పడం చిన్న నష్టం కాదు. అయినా వివిధ దేశాల లెక్కల ప్రకారం నాలుగైదు పరీక్షల్లో ఒకదానికి పేగు సరిగా శుభ్రపడటం లేదు. అలాంటప్పుడు ఖర్చు, ఉపవాసం, ప్రయాణం అన్నీ మళ్లీ మొదటికొస్తాయి.

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల వారికి పేగు శుద్ధి ప్రశ్న మరింత బరువైనది. మలంలో రక్తం పడటం, నెలల తరబడి విరేచనాలు, కారణం తెలియని రక్తహీనత, పేగు క్షయ అనుమానం వంటి ఇబ్బందులతో కొలనోస్కోపీ రాయించుకున్న వారిలో చాలామంది హైదరాబాద్‌కో నిజామాబాద్‌కో వెళ్తారు. పేగు వాపు జబ్బులు నగరాల వారికే వస్తాయన్న పాత నమ్మకం కూడా నిలవలేదు. హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు లక్షణాలున్న 30 వేల మందికి పైగా రోగులకు కొలనోస్కోపీ చేసి 2023లో ప్రచురించిన అధ్యయనంలో, ఆ జబ్బులు పల్లెల్లోనూ పట్టణాలలాగే కనిపించాయి. పల్లె నుంచి పరీక్షకు వచ్చే మనిషికి ఏ మందు ఇవ్వాలన్న ప్రశ్నలో రసాయనంతో పాటు కిడ్నీ, గుండె, వంటిల్లు, బస్సు వేళలు కూడా ఉన్నాయి.

శుభ్రతను కొలిచే పద్ధతి

ఒక ద్రావణం మరోదాని కంటే మెరుగని చెప్పాలంటే ముందు శుభ్రతకు కొలత కావాలి. ఆరోంచిక్ స్కేలు, ఒట్టావా స్కేలు వచ్చాక 2009లో బోస్టన్ స్కేలు వెలువడింది. ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉన్నది ఇదే. పెద్దపేగును కుడి, మధ్య, ఎడమ అని మూడు భాగాలు చేసి, ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు మార్కులు వేస్తారు. గట్టి మలంతో ఏమీ కనిపించకపోతే 0, పొర మొత్తం స్పష్టంగా కనిపిస్తే 3. మొత్తం 9కి 6 రావాలి, ఏ భాగంలోనూ 2కు తగ్గకూడదు. పరీక్ష చేస్తూ గొట్టం గుండా నీళ్లు చిమ్మి, పీల్చి కడిగాకే ఈ మార్కులు వేస్తారు. ఒక కేంద్రంలో కనీసం 90 శాతం పరీక్షల్లో పేగు తగినంత శుభ్రంగా ఉండాలని యూరప్, అమెరికా నిపుణుల సంఘాలు లక్ష్యం పెట్టాయి.

ఆముదం నుంచి పెగ్ దాకా

కొలనోస్కోపీ 1960ల చివర, 1970ల మొదట్లో వ్యాప్తిలోకి వచ్చినప్పుడు పేగు శుద్ధి అంటే రెండు మూడు రోజుల ద్రవాహారం, ఆముదం లేదా సునాముఖి, ఆపైన ఎనిమా. పెద్దపేగు నిజంగా ఖాళీ అయ్యేది తక్కువ, మనిషి నీరసపడేది ఎక్కువ. ఆ తర్వాత ముక్కులో వేసిన గొట్టం గుండా లీటర్ల కొద్దీ ఉప్పునీరు పంపి పేగు కడిగే పద్ధతి వచ్చింది. పేగు శుభ్రపడేది, కానీ శరీరం సోడియాన్ని, నీటిని పీల్చుకునేది. గుండె, కిడ్నీ బలహీనంగా ఉన్నవారికి అది ప్రమాదం.

మానిటాల్ అనే చక్కెర జాతి పదార్థం మరో ప్రయత్నం. రుచి తియ్యన, శుభ్రత బాగుంటుంది. అయితే పెద్దపేగులోని బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి హైడ్రోజన్, మీథేన్ వాయువులను తయారుచేస్తుంది. పాలిప్‌ను విద్యుత్తుతో కోసేటప్పుడు ఆ వాయువులు అంటుకుని పేగు పేలి రోగి మరణించిన ఉదంతం 1979లో వైద్య పత్రికలో నమోదైంది. ఆ తర్వాత పాలిప్ తీయవలసిన చోట మానిటాల్ వాడకం వెనకబడింది.

ఈ రెండు చిక్కులకూ జవాబుగా 1980లో అమెరికాలో డేవిస్, శాంటా అనా, ఫోర్డ్‌ట్రాన్ బృందం పాలిఇథిలీన్ గ్లైకాల్ ద్రావణాన్ని రూపొందించింది. డాక్టర్లు, మందుల షాపుల వారు దీన్నే పెగ్ అంటారు. ఇది పెద్ద అణువు కాబట్టి పేగు గోడ దీన్ని పీల్చుకోదు, బ్యాక్టీరియా పులియబెట్టదు. నీటిని తనతో పట్టుకుని పేగు చివరిదాకా నడుస్తుంది. దానికి తోడు సోడియం సల్ఫేటు, సోడియం క్లోరైడు, పొటాషియం క్లోరైడు, సోడియం బైకార్బొనేటు కలుపుతారు. క్లోరైడు స్థానంలో సల్ఫేటు ఎక్కువగా ఉండటంతో సోడియం శరీరంలోకి వెళ్లడం బాగా తగ్గుతుంది. తాగిన నీరు దాదాపు అంతా పేగు కడుగుతూ బయటికి వచ్చేస్తుంది, రక్తంలో నీరు, లవణాల మట్టం పెద్దగా మారదు.

విరేచనాలప్పుడు ఇచ్చే ఓఆర్‌ఎస్ పని దీనికి పూర్తిగా ఎదురు. అందులో గ్లూకోజు సోడియాన్ని, దానితో నీటిని పేగు నుంచి రక్తంలోకి లాగుతుంది. కాబట్టి పెగ్ ద్రావణంలో రుచి కోసం చక్కెర, గ్లూకోజు పొడి కలపకూడదు. కలిపితే కడగవలసిన నీరు శరీరంలోకి పోతుంది. చల్లబరచి తాగడం, గుక్కల మధ్య నిమ్మచెక్క నాకడం వంటివి చేయవచ్చు.

పెగ్ కుటుంబం

తొలి పెగ్ మోతాదు 4 లీటర్లు. శుభ్రతకు ఇప్పటికీ ఇదే ప్రమాణం, కొత్త మందులన్నిటినీ దీనితోనే పోల్చి చూస్తారు. లోపమల్లా పరిమాణం, ఉప్పు రుచి, సల్ఫేటు వాసన. వికారంతో సగంలో ఆపేసేవారు ఎక్కువ. సల్ఫేటు తీసేసిన రకం తర్వాత వచ్చింది, రుచి కొంత మెరుగు.

మన దగ్గర బాగా తెలిసిన పెగ్లెక్ పౌడరు ప్యాకెట్టు 137.15 గ్రాములు, దాన్ని 2 లీటర్ల నీటిలో కలుపుతారు. అందులో 118 గ్రాములు పెగ్. లీటరుకు 59 గ్రాములన్నమాట, అసలు అమెరికా ద్రావణంలోనూ అంతే. అంటే ఒక ప్యాకెట్టు తొలి 4 లీటర్ల మోతాదులో సరిగ్గా సగం. మామూలు మనిషికి, మలబద్ధకం లేనివారికి ఈ సగం తరచు సరిపోతుంది. కొన్నిచోట్ల ముందు రాత్రి బిసకోడిల్ అనే విరేచనకారి మాత్రలు తోడు ఇస్తారు. మలబద్ధకం ఉన్నవారికి, గతంలో పేగు శుభ్రపడక పరీక్ష చెడినవారికి రెండో ప్యాకెట్టు అవసరం పడవచ్చు.

నీటి పరిమాణం తగ్గించడానికి పెగ్‌కు ఆస్కార్బేటు, అంటే విటమిన్ సి లవణం, పెద్ద మోతాదులో కలిపిన 2 లీటర్ల మందు అమెరికాలో 2006లో, 1 లీటరు మందు 2018లో అనుమతి పొందాయి. శరీరం పీల్చుకోగలిగిన దానికి మించిన విటమిన్ సి పేగులోనే ఉండి నీటిని లాగుతుంది. శుభ్రతలో ఇవి 4 లీటర్ల మందుకు తీసిపోవని పోలిక పరీక్షలు తేల్చాయి. వీటితో పాటు మామూలు ద్రవాలు కూడా తగినంత తాగాలి. జీ6పీడీ ఎంజైము లోపం ఉన్నవారికి ఆస్కార్బేటు ఎర్ర రక్తకణాలను దెబ్బతీసే ముప్పుంది.

నీటిని లాగే లవణాలు

రెండో కుటుంబం పని వేరు. చిక్కని లవణ ద్రావణం కొద్దిగా తాగితే చాలు, అది శరీరంలోని నీటిని పేగులోకి లాగుతుంది. తాగే మందు తక్కువ. పోయిన నీటిని తిరిగి తాగి భర్తీ చేయకపోతే శరీరం ఎండిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో పగలు 42, 43 డిగ్రీల ఎండలో పొలం పని చేసి వచ్చే మనిషికి ఈ నీటి లోటు ప్రాణం మీదికి తేవచ్చు.

ఈ గుంపులో మొదట విస్తరించింది సోడియం ఫాస్ఫేటు. మన దగ్గర ఎక్సిలైట్ పేరుతో తెలిసిన మందు ఇదే. 45 మిల్లీలీటర్ల చొప్పున రెండు మోతాదులు, రోగులకు ఇది సులువు. 2005లో అమెరికాలో మార్కోవిట్జ్ బృందం ఈ మందు తర్వాత కిడ్నీ దెబ్బతిన్న 21 మంది వివరాలు ప్రచురించింది. కిడ్నీ నాళికల్లో కాల్షియం ఫాస్ఫేటు స్ఫటికాలు పేరుకున్నాయి, నలుగురికి కిడ్నీలు పూర్తిగా పోయాయి. 2008 డిసెంబరులో అమెరికా ఔషధ సంస్థ ఫాస్ఫేటు మాత్రలపై తీవ్ర హెచ్చరిక వేయించింది. చీటీ లేకుండా అమ్మే ఫాస్ఫేటు ద్రావణం అక్కడ మార్కెట్టు నుంచి తొలగింది. యూరప్ మార్గదర్శకాలు దీన్ని మామూలుగా వాడవద్దంటాయి. బీపీకి టెల్మిసార్టాన్ వంటి మాత్రలో, నీటి మాత్రలో, మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్ వంటివో వాడే పెద్దవారికి ముప్పు మరీ ఎక్కువ. పైకి ఆరోగ్యంగా ఉన్నా తనకు కిడ్నీ జబ్బుందని తెలియని మనిషి చేతిలో ఈ చిన్న సీసా పెట్టడం సమంజసం కాదు.

సోడియం పికోసల్ఫేటు, మెగ్నీషియం సిట్రేటు కలిసిన పొడి బ్రిటన్‌లో చాలాకాలంగా ఉంది. అమెరికాలో 2012లో అనుమతి వచ్చింది. పికోసల్ఫేటు పేగు కండరాన్ని కదిలిస్తుంది, మెగ్నీషియం నీటిని లాగుతుంది. ఒక్కో ప్యాకెట్టు 150 మిల్లీలీటర్ల నీటికే సరిపోతుంది, పుల్లగా ఉంటుంది. తాగడానికి సులువన్న విషయంలో రోగులు దీనికే ఎక్కువ మార్కులు వేస్తారు. దీనితో పాటు వట్టి నీళ్లే లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో సోడియం పడిపోయి, తికమక, ఫిట్స్ రావచ్చు. పెద్ద వయసు వారిలో ఈ భయం ఎక్కువ. ఉప్పు, చక్కెర ఉన్న ద్రవాలు కూడా తాగితే ముప్పు తగ్గుతుంది.

సోడియం, పొటాషియం, మెగ్నీషియం సల్ఫేట్లు కలిసిన ద్రావణానికి అమెరికాలో 2010లో, మాత్రల రూపానికి 2020లో అనుమతి లభించింది. మన దగ్గర కోలోప్రెప్ వంటి పేర్లతో దొరుకుతుంది. 177 మిల్లీలీటర్ల సీసాను నీటితో సుమారు అర లీటరు చేసి తాగాలి. తర్వాత గంటలోపు దాదాపు మరో లీటరు నీళ్లు తాగాలి. ఇలా రెండుసార్లు. సల్ఫేటును శరీరం ఎక్కువగా పీల్చుకోదు, ఫాస్ఫేటులా కిడ్నీలో స్ఫటికాలు కట్టదు. శుభ్రతలో 4 లీటర్ల పెగ్‌కు సమానం. రుచి మాత్రం ఘాటైన ఉప్పు, వాంతులు కొంత ఎక్కువ.

పోలికలో తేలేది

మూడు కొలబద్దల మీద ఈ మందులను పెట్టి చూస్తే చిత్రం స్పష్టమవుతుంది. శుభ్రతలో, సరైన వేళకు పూర్తిగా తాగితే, పెగ్ పెద్ద మోతాదు, పెగ్ చిన్న మోతాదు, సల్ఫేటు, పికోసల్ఫేటు మధ్య తేడా తక్కువ. తాగడానికి వీలులో పికోసల్ఫేటు ముందు, 4 లీటర్ల పెగ్ చివర. భద్రతలో మాత్రం పెగ్ మిగతావాటికంటే పైన ఉంటుంది, సోడియం ఫాస్ఫేటు అన్నిటికంటే కింద. కిడ్నీ, గుండె సంగతి తెలియని రోగికి పెగ్ మొదటి ఎంపిక కావడానికి కారణం ఇదే.

తోడు మందుల్లో సిమెథికోన్ పేగులోని నురుగును తగ్గిస్తుంది, అది పనికొచ్చేదే. వాంతులు ఆపే మెటోక్లోప్రమైడ్ శుభ్రతను పెంచదు. నోటి మందు పూర్తిగా తాగినవారికి అలవాటుగా ఎనిమా ఇవ్వడం వల్ల ప్రయోజనం లేదు.

మందు కంటే వేళ ముఖ్యం

గత ఇరవై ఏళ్లలో పేగు శుద్ధిలో వచ్చిన అతిపెద్ద మెరుగుదల కొత్త మందు వల్ల రాలేదు, పాత మందునే రెండుగా విడగొట్టి ఇవ్వడం వల్ల వచ్చింది. ముందు రోజే మొత్తం తాగేస్తే రాత్రంతా చిన్నపేగు నుంచి పిత్తం కలిసిన జిగురు నీరు దిగి, కుడివైపు పెద్దపేగు గోడకు పూతలా అంటుకుంటుంది. చదునుగా ఉండే పాలిప్‌లు ఎక్కువగా తప్పిపోయేది ఆ భాగంలోనే. సగం ముందు రాత్రి, మిగతా సగం పరీక్షకు నాలుగు నుంచి ఆరు గంటల ముందు మొదలుపెట్టి, కనీసం రెండు గంటల ముందు ముగిస్తే ఆ పూత కడుక్కుపోతుంది. మత్తు ఇచ్చేటప్పుడు కడుపులో ద్రవం ఉండకూడదు కాబట్టి ఆ రెండు గంటల విరామం తప్పనిసరి. మధ్యాహ్నం పరీక్ష అయితే మొత్తం మందు ఆ ఉదయమే తాగినా ఫలితం బాగుంటుంది. 10, 15 నిమిషాలకు ఒక గ్లాసు చొప్పున తాగాలి, మధ్యలో అటూ ఇటూ నడవాలి. చివరికి పసుపు పచ్చని తేట నీళ్లలా విరేచనం అవుతుంటే పేగు సిద్ధమైనట్టు.

ముందురోజు భోజనం

మూడు రోజులు పస్తుండాలన్న పాత సూచన అవసరం లేదు. మలబద్ధకం లేనివారికి ముందు రోజు ఒక్కరోజు పీచు తగ్గిస్తే సరిపోతుందని ఇప్పటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. అయితే కామారెడ్డి వైపు రోజువారీ తిండి పీచుతో నిండి ఉంటుంది. జొన్నరొట్టె, మక్క గటక, పుంటికూర, పప్పు, నువ్వుల పొడి, మక్క కంకులు, జామకాయ, టమాట తొక్కులోని గింజలు పేగులో రోజుల తరబడి నిలుస్తాయి. గింజలు గొట్టంలోని పీల్చే దారికి అడ్డుపడతాయి కూడా. కాబట్టి గింజల పదార్థాలు రెండు మూడు రోజుల ముందే మానడం మంచిది. ముందు రోజు ఉదయం, మధ్యాహ్నం మెత్తని తెల్లన్నం, పెరుగు, ఇడ్లీ, గుడ్డు తినవచ్చు. సాయంత్రం నుంచి వడగట్టిన నిమ్మరసం, కొబ్బరి నీళ్లు, పాలు లేని టీ, ఓఆర్‌ఎస్ వంటి తేట ద్రవాలే. ఎర్రని షర్బత్తులు తాగితే అవి రక్తంలా కనిపిస్తాయి. కిడ్నీ జబ్బున్నవారు పొటాషియం ఎక్కువగా ఉండే కొబ్బరి నీళ్లకు దూరంగా ఉండాలి. ఐరన్ మాత్రలు మలాన్ని నల్లగా, జిగటగా చేస్తాయి కాబట్టి ఐదారు రోజుల ముందే ఆపాలి.

ఎల్లారెడ్డి నుంచి హైదరాబాద్‌కు

రెండు విడతల పద్ధతి ఆస్పత్రికి దగ్గర్లో ఉన్నవారిని దృష్టిలో పెట్టుకుని పుట్టింది. కామారెడ్డి నుంచి హైదరాబాద్‌కు 44వ నంబరు జాతీయ రహదారి మీద 110 కిలోమీటర్ల పైచిలుకు. ఎల్లారెడ్డికి రైలు లేదు, కామారెడ్డి మీదుగానో మెదక్ మీదుగానో బస్సులో రావాలి. ఉదయం ఎనిమిదికి పరీక్ష అని చీటీలో రాస్తే, ఆ రోగి తెల్లవారుజామున మందు తాగుతూ బస్సెక్కాలి. ఆ భయంతోనే చాలామంది రెండో సగం వదిలేస్తారు, పేగు శుభ్రపడదు, తప్పు రోగి మీద పడుతుంది.

దీనికి మూడు దారులున్నాయి. మొదటిది, ముందు రోజే నగరానికి చేరి బంధువుల ఇంట్లోనో ఆస్పత్రి దగ్గరి గదిలోనో ఉండి రెండు విడతలూ తాగడం. రెండోది, ఉదయమే ఆస్పత్రికి వచ్చి, అక్కడే మందంతా తాగి మధ్యాహ్నం పరీక్ష చేయించుకోవడం. మూడోది, రాత్రి సగం, తెల్లవారుజామున సగం ఇంట్లోనే తాగి, విరేచనాలు నెమ్మదించాక బయలుదేరి మధ్యాహ్నానికి చేరడం. చివరి గ్లాసు తర్వాత సుమారు రెండు గంటల్లో విరేచనాలు తగ్గుతాయి. మరుగుదొడ్డి లేని బస్సు కంటే కామారెడ్డి స్టేషన్‌లో రైలెక్కడం ఇలాంటి రోజు నయం. ఈ మూడో దారిలో మందు ముగింపుకూ పరీక్షకూ మధ్య వ్యవధి కొంత పెరిగినా, ముందు రోజే అంతా తాగేయడం కంటే ఇదే మేలు. దూరం నుంచి వచ్చేవారికి ఆస్పత్రులు మధ్యాహ్నం వేళలు కేటాయిస్తే సగం సమస్య అక్కడే తీరుతుంది. 2023లో కామారెడ్డిలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. ఇటువంటి పరీక్షలు జిల్లాలోనే విస్తరించేకొద్దీ ఈ దూరం అడ్డు తగ్గుతుంది.

ప్రత్యేక జాగ్రత్తలు

పేగుకు అడ్డు పడినట్టు అనుమానం ఉంటే, అంటే కడుపుబ్బరం, వాంతులు, గాలి కూడా వెళ్లకపోవడం ఉంటే, ఏ ద్రావణమూ తాగించకూడదు.

కిడ్నీ జబ్బు, గుండె వైఫల్యం, లివర్ సిరోసిస్ ఉన్నవారికి పెగ్ మేలు. ఫాస్ఫేటు అసలే వద్దు, కిడ్నీ జబ్బులో మెగ్నీషియం ఉన్న మందులూ వద్దు. మింగడంలో ఇబ్బంది ఉన్న వృద్ధులకు పెగ్ కూడా తొందరగా తాగిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కూర్చోబెట్టి నెమ్మదిగా తాగించాలి.

షుగరు ఉన్నవారి పేగు నిదానంగా కదులుతుంది, శుభ్రత తగ్గే అవకాశం ఎక్కువ. తిండి తగ్గిన రోజున ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ మోతాదు డాక్టరు సలహాతో తగ్గించాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు కీటోయాసిడోసిస్ ముప్పు వల్ల మూడు రోజుల ముందే ఆపమంటారు. బీపీ, నీటి మాత్రల సంగతి, రక్తాన్ని పలచబరిచే మందుల సంగతి పరీక్ష రాసిన డాక్టరుతోనే తేల్చుకోవాలి.

పేగు వాపు జబ్బు అనుమానం ఉన్నవారికి ఫాస్ఫేటు, పికోసల్ఫేటు వాడితే ఆ మందుల వల్లే చిన్న చిన్న పుళ్లు పడి, జబ్బు పుళ్లని పొరబడే అవకాశం ఉంది. పెగ్‌తో ఆ గందరగోళం తక్కువ.

నిజామాబాద్, కామారెడ్డి ప్రాంతాల్లో రోజూ కల్లు తాగే అలవాటున్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజీపాం వంటి మత్తు మందులు కలుస్తుంటాయి. అలవాటైన మనిషి పరీక్ష కోసం ఒక్కసారిగా మానితే వణుకు, ఫిట్స్ రావచ్చు. సోడియం పడిపోయేలా చేసే మందు తోడైతే ప్రమాదం పెరుగుతుంది. పరీక్షలో ఇచ్చే మత్తు మోతాదు కూడా ఈ అలవాటును బట్టి మారుతుంది.

శుద్ధి సరిపోనప్పుడు

ఉదయానికి విరేచనం ఇంకా గోధుమరంగులో, ముక్కలతో ఉంటే ఆ మాట పరీక్ష గదిలోకి వెళ్లకముందే నర్సుకు చెప్పాలి. ఇంకొంత పెగ్ తాగించి అదే రోజు ఆలస్యంగానో, మరునాడు ఉదయమో పరీక్ష చేయవచ్చు. ఇంటికి పంపి నెలల తర్వాత రమ్మనడం కంటే, ముఖ్యంగా దూరం నుంచి వచ్చినవారికి, ఇదే సరైన పద్ధతి. మళ్లీ చేసేటప్పుడు మందు మార్చడానికి ముందు కారణం వెతకాలి: రెండో సగం తాగారా, వాంతి అయిందా, మలబద్ధకం ఉందా, జొన్నరొట్టె మానలేదా, సూచనల కాగితం అర్థమయ్యే తెలుగులో ఉందా. మందు అంతా తాగినా పేగు శుభ్రపడనివారికి మూడు రోజుల తక్కువ పీచు ఆహారం, ముందుగా కొన్ని రోజుల విరేచనకారి, ఆపైన రెండు విడతల్లో 4 లీటర్ల పెగ్ ఇవ్వడం నిపుణులు పాటించే మార్గం.